పటంలో లేని మేం

బడిలో 'మన సంస్కృతి' మీద బొమ్మ వెయ్యమంటే మా పిల్లలు ఏం వేస్తారో చూడకుండానే చెప్పొచ్చు. ఒక మసీదు, రెండు మినార్లు, పైన నెలవంక, పక్కన చుక్క. ఆకుపచ్చ రంగు ముక్క అరిగిపోయేదాకా రుద్దుతారు. 'భిన్నత్వంలో ఏకత్వం' అని అంశం ఇస్తే ముగ్గురు మనుషులు చేతులు పట్టుకుని నిలబడతారు. ఒకరికి బొట్టు, ఒకరికి సిలువ, ఒకరికి టోపీ. ఆ టోపీ పెట్టుకున్నవాడే మేం. హుజూరాబాద్‌లో వేసినా, ఆదిలాబాద్‌లో వేసినా, ఢిల్లీలో వేసినా ఆ మనిషి మారడు. అతనికి ఊరు లేదు, చేసే పని లేదు, పక్కన తల్లీ చెల్లీ లేరు.

పిల్లల్ని అనేదేం లేదు. చూపించిందే వేస్తారు. మా ప్రశ్న చూపించిన పెద్దలకు. ఇప్పుడు బళ్లలో చిత్రకళా శిబిరాలు పెడుతున్నారు. వర్క్‌షాప్ అంటున్నారు. సంస్కృతి, సమాజం, సామాజిక బాధ్యత అన్న మాటలు వాటి బ్యానర్ల మీద కనిపిస్తున్నాయి. మంచిదే. కాని ఎవరి సంస్కృతి? ఏ సమాజం? ఎవరి పట్ల బాధ్యత? ఇవి అడక్కుండా రంగుల డబ్బాలు పంచితే మళ్లీ ఆ టోపీ మనిషే బయటికొస్తాడు. వేరే మనిషి రావాలంటే మా ప్రాంతపు బొమ్మల చరిత్ర ఒకసారి తిరగెయ్యాలి. అందులో మేం ఎక్కడున్నామో, ఎక్కడ లేమో చూసుకోవాలి.

పేర్ల నుంచే మొదలుపెడదాం. హుజూర్ అన్నా, ఆబాద్ అన్నా మా ఇంట్లో రోజూ వినపడే మాటలే. కరీంనగర్‌కు ఆ పేరు ఎలగందుల ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ మీదుగా వచ్చిందని చెబుతారు. ఊళ్ల పేర్లలో మేమున్నాం. అదే ఊళ్లలో పిల్లలు వేసే బొమ్మల్లో మాత్రం ఎక్కడో అరబ్బు దేశం నుంచి దిగినట్టుంటాం.

పేర్ల తర్వాత ఇంకో మాట చూడాలి. నకాషీ. ఉత్తర తెలంగాణలో బొమ్మల పనికి పాతుకుపోయిన మాట ఇది. నక్ష్ అంటే గీసిన గీత, చెక్కిన ముద్ర. నఖ్ఖాష్ అంటే ఆ పని చేసే మనిషి. అరబ్బీలో పుట్టి, ఫార్సీ మీదుగా ఉర్దూకు, ఉర్దూ నుంచి తెలంగాణ తెలుగుకు వచ్చింది. నిర్మల్‌లో పొనికి కర్రతో కొయ్యబొమ్మలు చేసేవాళ్లు నకాషీలు. చేర్యాలలో పటాలు గీసేవాళ్లూ నకాషీలే. చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. ఈ నకాషీలు హిందువులు. వాళ్లు గీసే కథలు పురాణాలు. వాళ్ల పని పేరు మాత్రం మా మాట. ఏ సభలోనూ తీర్మానం చెయ్యకుండా, ఏ పోస్టరూ వెయ్యకుండా జరిగిన కలయిక ఇది. ఒకరి చేతి పనికి ఇంకొకరి నోటి మాట పేరయింది.

చేర్యాల పటం ఎట్లా తయారవుతుందో మా పిల్లలకు తెలియాలి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, తుమ్మ జిగురు కలిపి పూత పూస్తారు. ఎండినాక మళ్లీ పూస్తారు. గుడ్డ కాగితంలా గట్టిపడ్డాక గీతలు పెడతారు. బొమ్మల వెనకంతా ఎర్రరంగు నింపుతారు. గజాల కొద్దీ పొడవుండే పటాన్ని పైనుంచి కిందికి గడులుగా విడగొడతారు. కథ చెప్పేవాడు ఒక్కో గడీ విప్పుతూ చెబుతాడు. ఇందులో పట్నం నుంచి కొనుక్కురావాల్సింది పెద్దగా లేదు. చింతగింజలు హుజూరాబాద్ అంగట్లో దొరుకుతాయి. మాస్కులు చెయ్యాలంటే కావలసిన రంపపు పొట్టు అడితిలో ఊరికే ఇస్తారు.

అంతకన్నా ముఖ్యమైంది, ఆ పటం ఎవరి కోసం గీసేవారన్నది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం. చెప్పేవాళ్లు కూనపులి వాళ్లు. మాదిగలకు జాంబ పురాణం. చెప్పేవాళ్లు డక్కలి వాళ్లు. గొల్లలకు కాటమరాజు కథ, మందెచ్చుల నోట. ముదిరాజులకు పాండవుల కథ, కాకిపడగల వాళ్ల నోట. గౌడులకూ, చాకళ్లకూ, మంగళ్లకూ వేరువేరు పటాలున్నాయి. ఊళ్లో తక్కువగా చూడబడ్డ కులం కూడా తన పటం ముందు కూర్చున్న రాత్రి తన పుట్టుకను గొప్పగా విన్నది. తన పనిముట్టు దేవుడి చేతిలో ఉండటం చూసింది. తాను ఎక్కణ్నించి వచ్చిందో, ఈ ఊరికి తానేం ఇచ్చిందో ఎర్రరంగు మీద బొమ్మలుగా చూసింది. పుస్తకాల్లో చరిత్ర రాయించుకునే వీల్లేని కులాలు గుడ్డ మీద గీయించుకున్న చరిత్ర అది.

ప్రసిద్ధంగా చెప్పే ఆ జాబితాలో మా పేరు లేదు. దూదేకులకు పటం లేదు. ఫకీర్లకు లేదు. కళాయి పోసేవాళ్లకు, గాజులమ్మేవాళ్లకు లేదు. ఇందులో నకాషీల తప్పేం లేదు. కథ చెప్పేవాళ్లూ, చెప్పించుకునేవాళ్లూ ఉన్న కులాలకే పటాలు వచ్చాయి. మేం మా కథను వేరే దారుల్లో చెప్పుకున్నాం. పీర్ల పండుగలో చెప్పుకున్నాం, ఖవ్వాలీలో చెప్పుకున్నాం, దర్గాల ఉర్సుల్లో చెప్పుకున్నాం. కాని అవేవీ మా పనీ పాటల కథలు కావు. ఊరు నవాబుల గురించి మాట్లాడింది. రజాకార్ల గురించి మాట్లాడింది. వాకిట్లో విల్లు పట్టుకుని దూది ఏకిన మనిషి గురించి మాట్లాడలేదు. ఆ ఖాళీలోకే టోపీ, నెలవంక వచ్చి కూర్చున్నాయి.

'మీకూ బొమ్మలకూ ఏం సంబంధం, మీ మతమే ఒప్పుకోదు కదా' అని అడిగేవాళ్లున్నారు. మావాళ్లలో కూడా కొందరు అదే అంటారు. హైదరాబాద్ రాజ్యపు చరిత్ర దీనికి జవాబు చెబుతుంది. అజంతా గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేవి. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి ఆ గోడల బొమ్మలకు నకళ్లు తీయించింది. కలకత్తా నుంచి నందలాల్ బోసు, అసిత్ హల్దార్ వంటి వాళ్లు వచ్చారు. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇద్దరి పేర్లు సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్. గబ్బిలాల గుహల్లో కూర్చుని బుద్ధుడి జాతక కథలను గీత గీతగా దించుకున్నవాళ్లలో వాళ్లున్నారు. ఆ తర్వాత నిజాం రాజ్యపు పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ అజంతా మీద పెద్ద సంపుటాలు వెలువరించారు. 1920-22లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి ఆ బొమ్మలకు మరమ్మతు చేయించారు. తమది కాని మతపు బొమ్మల్ని తమ నేల ఆస్తిగా చూసిన మనుషులు వాళ్లు. మా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉంది. దాన్ని చూడబోయే బడిపిల్లలకు సయ్యద్ అహ్మద్ పేరు కూడా చెప్పొచ్చు.

బడిలో చేతిపని, బొమ్మ ఉండాలన్న ఆలోచనలోనూ మావాళ్లున్నారు. 1937లో వార్ధాలో గాంధీజీ పెట్టిన విద్యా సమావేశం తర్వాత కొత్త చదువుకు ప్రణాళిక తయారుచెయ్యడానికి ఒక సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు జాకిర్ హుసేన్. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన మనిషి. ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు కాబట్టి ఫొటో గోడకెక్కింది, ఆలోచన అటకెక్కింది. ఒక చేతిపని చుట్టూ చదువంతా అల్లాలని ఆ ప్రణాళిక చెప్పింది. అందులో డ్రాయింగుకూ, సంగీతానికీ చోటిచ్చింది. ఆయన పెంచిన జామియా మిల్లియాలో 1951లో డ్రాయింగు మాస్టర్లను తయారుచెయ్యడానికి కళా విభాగం మొదలైంది. ఇప్పుడు 'వర్క్‌షాప్' అని కొత్తగా చెబుతున్నది ఆనాడు ఒక హైదరాబాదీ ముసల్మాను దేశానికి రాసిచ్చిన పాఠమే.

ఆ పాఠాన్ని మా బళ్లు ఎంతవరకు నిలబెట్టాయి? మా తరం చదువుకున్న రోజుల్లో హైస్కూల్లో డ్రాయింగు సారు ఉండేవారు. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, వేసవిలో నలభై రెండు రోజుల ట్రైనింగు తీసుకుని ఆ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు. లెక్కల సారు రాకపోతే ఆ క్లాసు చూసుకునేది కూడా ఆయనే. ఆ చిన్న ఉద్యోగంలోంచే సిద్దిపేటలో కాపు రాజయ్య లేచారు. 1925లో పుట్టి 2012లో పోయిన ఆయన డ్రాయింగు మాస్టరుగా బతుకుతూనే నకాషీ గీతను తెచ్చి బోనాలను, బతుకమ్మను, ఊరి పనులను బొమ్మ కట్టారు. మా జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం తెలంగాణ ఆడవాళ్ల నుదుటి బొట్టును, చీర రంగును దేశదేశాలకు చూపించారు. 1988 నాటి 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఊరి మనిషి బొమ్మకు పనికొస్తాడని వీళ్లు నిరూపించారు. పాన్‌దాన్ ముందు కూర్చున్న మా దాదీ, చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మా ఆపా ఆ వరుసలో నిలబడాలని మా కోరిక. వాళ్లను వేరెవరో వచ్చి వెయ్యాలని మేం ఎదురుచూడటం లేదు. మా పిల్లలే వెయ్యాలి.

చట్టం కాగితం మీద మా వైపే ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక పదో తరగతి దాకా కళలను పాఠ్యాంశంగా చెప్పమన్నది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులుండి వందమంది దాటిన బడిలో కళలు నేర్పే పార్ట్‌టైం బోధకుడు ఉండాలన్నది. మా ఊళ్లలో ఎన్ని బళ్లలో ఉన్నారో తల్లిదండ్రులు వెళ్లి అడగాలి. ఉర్దూ మీడియం బడిలో అయితే రెండుసార్లు అడగాలి. బోధకుడు లేని చోట ఏడాదికో రోజు వచ్చిపోయే శిబిరమే మొత్తం కళావిద్య అవుతుంది. ఆ ఒక్క రోజూ పంద్రాగస్టు పోస్టరుకు పోతుంది.

ఆ పోస్టరు గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ దేశపు ముస్లింలు రెండు మూటలు మోస్తున్నారని చెప్పింది. దేశం మీద ప్రేమ లేదన్న నింద ఒకటి, ప్రభుత్వాలు నెత్తికెక్కించుకున్నాయన్న నింద ఇంకొకటి. 'ఏకత్వం' పోస్టరు వేసే మా పిల్లవాడు తెలియకుండానే మొదటి మూట ఎత్తుకుంటాడు. జెండా అందరికన్నా పెద్దదిగా వేస్తాడు. క్లాసులో మిగతావాళ్లు చెట్టో చెరువో వేసుకుంటుంటే అతను మాత్రం తన దేశభక్తికి రుజువు రాసిస్తుంటాడు. సామాజిక బాధ్యత అంటే ఇదా? పదేళ్ల పిల్లవాడితో హామీపత్రం రాయించుకోవడమా?

ఎవరు ఏ బొమ్మ వెయ్యొచ్చన్న భయం కూడా పిల్లల దాకా వచ్చింది. ఎం.ఎఫ్. హుసేన్ కథ తెలిసిందే. రామ్‌మనోహర్ లోహియా చెప్పిన మాట మీద, హైదరాబాద్‌లో బద్రీవిశాల్ పిట్టీ అండతో రామాయణాన్ని బొమ్మలుగా వేశారాయన. పండితులను అడిగి, చదివి, ఏళ్ల తరబడి వేశారు. అప్పుడు ఎవరికీ అభ్యంతరం కాలేదు. 1996లో ఆయన పాత బొమ్మల మీద గొడవ లేచింది. అదే ఏడు అహ్మదాబాద్‌లో ఆయన బొమ్మలున్న గ్యాలరీ మీద దాడి జరిగింది. 2006లో దేశం విడిచిపోయారు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆయన మీద కేసులు కొట్టేసింది. అయినా తిరిగి రాలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నారు. 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశారు. ఆయన బొమ్మలన్నీ అందరికీ నచ్చాలని మేం అనం. కాని బతుకమ్మను వేసిన ముస్లిం పిల్లకూ, పీరును వేసిన గొల్ల పిల్లవాడికీ క్లాసులో ఒకేలా చప్పట్లు పడాలి. అది పోయిన రోజు నకాషీ అన్న మాటకు అర్థం పోయినట్టే.

పీరు అన్నాం కాబట్టి అది కూడా మాట్లాడుకోవాలి. మొహర్రం వస్తే ఉత్తర తెలంగాణ పల్లెల్లో పీర్లు లేస్తాయి. పీరును ఎత్తుకునేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. దట్టీలు కట్టేది, మలీద పంచేది, అలావా చుట్టూ ఆడేది ఒక్క మేమే కాదు. పాటలు తెలుగులోనే ఉంటాయి. ముస్లిం ఇళ్లు లేని ఊళ్లలో కూడా పీర్ల కొట్టం ఉంటుంది. బొమ్మకు ఇంతకన్నా నిండైన సరుకేముంది? కాని బడి దాన్ని పాఠంలో చేర్చుకోదు, అది మూఢనమ్మకమంటుంది. మాలో కొందరు మతపెద్దలు కూడా దాన్ని దీన్‌లో లేనిదంటారు. ఆ వాదం వాళ్లది, ఆ హక్కు వాళ్లకుంది. అయితే పీరు వెయ్యనివ్వకుండా ఇటు బడీ అటు ఇల్లూ చెరిపేస్తే పిల్లవాడి కాగితం మీద మిగిలేది ఆ నెలవంకే. నమ్మినా నమ్మకపోయినా ఊరు బతికిన తీరును గీసిపెట్టుకోవచ్చు. గీసినంత మాత్రాన మొక్కినట్టు కాదు.

మనిషి బొమ్మ వెయ్యడం ఇష్టం లేని ఇళ్లూ ఉన్నాయి. ఆ పిల్లల్ని వెనక బెంచీకి పంపాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలు చూడండి. 1611 నాటి రంగు పలకల పని అది. ఒక్క మనిషి ముఖం లేదు. అలంలు, తీగలు, అక్షరాలు. కళ్లు తిప్పుకోలేం. ఖత్తాతీ కూడా చిత్రకళే. కంప్యూటర్లు వచ్చేదాకా ఉర్దూ పత్రికలు కాతిబుల చేతిరాతతోనే అచ్చయ్యాయి. రాత్రంతా కూర్చుని వంచిన కలంతో పేజీలు నింపిన ఆ మనుషుల వేళ్లను ఉర్దూ జర్నలిస్టులుగా మేం దగ్గర్నుంచి చూశాం. 1990ల్లో ఆ పని పోయింది. నస్తాలీఖ్ వంపును పిల్లలకు చూపించగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను బడికి పిలవొచ్చు. కరీంనగర్ వెండి తీగ పని చేసే విశ్వకర్మలను పిలవొచ్చు. వాళ్ల చేతుల్లో తయారయ్యే గులాబ్‌దాన్, అత్తర్‌దాన్, పాన్‌దాన్‌ల పేర్లు ఏ భాషవో పిల్లలే కనిపెడతారు.

మరి హుజూరాబాద్‌లో ఒక శిబిరం పెడితే ఏం చెయ్యాలి? మా మాట ఇది. మా పటం మేం గీసుకుందాం. చేర్యాల నకాషీలను గురువులుగా పిలుద్దాం. వాళ్లిప్పుడు బళ్లలో నేర్పుతున్నారు కూడా. గుడ్డకు పూత పూసే దగ్గర్నుంచి అందరు పిల్లలూ కలిసి చెయ్యాలి. పటం పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి ఎడమ నుంచి రాసే తెలుగు పిల్లలకూ, కుడి నుంచి రాసే ఉర్దూ పిల్లలకూ తగాదా లేదు. బొమ్మ వేసే ముందు ఇంటికి పంపాలి. తాత ఏం పని చేశాడు, నానీ ఏ ఊరి నుంచి వచ్చింది అని అడిగి రమ్మనాలి. అప్పుడు విల్లు, దూది వస్తాయి. జమ్మికుంట పత్తి మార్కెట్ వస్తుంది. బిజిగిరి షరీఫ్ ఉర్సు వస్తుంది. సైకిలు పంక్చరు దుకాణం, గాజుల బండి, బీడీల చేట వస్తాయి. దుబాయి పోయిన నాన్న, అతను పంపిన క్యాసెట్టు వస్తాయి. దుబాయి గడీ దగ్గరికి వచ్చేసరికి పక్కన కూర్చున్న పద్మశాలి పిల్ల 'మా నాన్న కూడా' అంటుంది. రెండు పటాలూ అక్కడ కలుస్తాయి. ఆ కలయికకు నినాదం అక్కర్లేదు.

అందులో మాకు ఇబ్బంది కలిగించే గడులు కూడా ఉండాలి. జోడా పైసల కోసం ఆగిన పెళ్లి ఉండాలి. ఏడో తరగతిలో బడి మాన్పించిన అక్క ఉండాలి. సయ్యద్‌కూ దూదేకులకూ మధ్య పెట్టిన గోడ ఉండాలి. ఇస్లాంలో కులం లేదని చెప్పుకుంటూ మేం పాటించే కులం ఉండాలి. అద్దెకు ఇల్లు అడిగితే పేరు విని మూసుకున్న తలుపు పక్కనే ఇవి కూడా ఉంటే ఆ పటం నిజం చెప్పినట్టు. ఎదుటివాళ్ల తప్పునూ మా తప్పునూ ఒకే గుడ్డ మీద గీయగలగడం సామాజిక బాధ్యత. పిల్లలు దానికి భయపడరు. భయం మాకే.

1992 డిసెంబరు 6 తర్వాత మా కవులు నోరు విప్పారు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లోనే వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. తెలుగులో ముస్లిం మాట్లాడటం ఎట్లాగో ఆ పుస్తకాలు చూపించాయి. మాటలో తెచ్చుకున్న మనిషిని బొమ్మలోకి తెచ్చుకోవడం మిగిలింది. అది పెద్ద గ్యాలరీల్లో మొదలవ్వాల్సిన పని కాదు. హుజూరాబాద్‌లో ఏదో ఒక సర్కారీ బడి వరండాలో, చింతగింజల అంబలి వాసన మధ్య మొదలవ్వాలి. శిబిరం పెట్టే సార్లకు మా మనవి ఒక్కటే. మా పిల్లల్ని 'మీ పండుగ వెయ్యండి' అని అడక్కండి. 'మీ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారు' అని అడగండి. ఆ తర్వాత రంగులు ఇవ్వండి.